ఆటిజం ఉన్న ఉద్యోగికి ‘కలివిడిగా ఉండు’ అన్న సలహా చాలదు

సంపాదకులకు నమస్కారం.

ఉద్యోగ మేళా వార్త వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో పక్కనే ఒక చిన్న బాక్సు కనిపిస్తుంది. కళ్ళలోకి చూసి మాట్లాడండి, నవ్వుతూ పలకరించండి, అందరితో కలివిడిగా ఉండండి అని. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆటిజం (మెదడు ఎదుగుదలలోని తేడా వల్ల మాట, పలకరింపు, శబ్దం లాంటివి వేరుగా అనుభవంలోకి వచ్చే స్థితి) ఉన్న యువతను ఉద్యోగాలకు తయారుచేసే పనిలో ఉన్నాం మేము. ఈ సలహాలు వాళ్ళకు సాయపడకపోగా చాలాసార్లు ఎదురు తంతాయి. శ్రీసిటీ కంపెనీల్లో గానీ, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో గానీ, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో గానీ, తిరుపతి హోటళ్ళలో గానీ ఇలాంటి ఉద్యోగి మానేశాడంటే పని రాక అయ్యుండటం తక్కువ, పక్కవాళ్ళతో పొసగక అయ్యుండటం ఎక్కువ. పనిచోట సంబంధాలు ఎలా కుదురుతాయో, ఎక్కడ బెడిసికొడతాయో వివరంగా రాస్తున్నాం. ఆ ఉద్యోగులతో పాటు వాళ్ళ సూపర్‌వైజర్లు కూడా చదవాలని మా కోరిక.

ఆటిజం ఉంటే మనుషులంటే గిట్టదని ఒక అపోహ. మనుషులు కావాలి, కానీ పలకరింపుల పద్ధతి వేరు. బ్రిటన్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ (ఆయనా ఆటిస్టిక్ వ్యక్తే) 2012లో ఒక మాట అన్నారు: అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపు లోపం కాదు, రెండువైపులా ఉంటుంది అని. 2017లో అమెరికాలో నోవా సాసన్ బృందం చేసిన పరిశోధన దీనికి బలమిచ్చింది. ఆటిజం ఉన్నవాళ్ళ వీడియోను కొద్ది సెకన్లు చూసినవాళ్ళు వాళ్ళతో మాట కలపడానికి అంతగా ఇష్టపడలేదు. అవే మాటల్ని కాగితం మీద చదివించినప్పుడు మాత్రం ఆ విముఖత కనిపించలేదు. అంటే మనిషి ఏం చెప్పాడన్నది ఎవరికీ అడ్డు రాలేదు. గొంతు, చూపు, చేతుల కదలిక చూసి తీర్పు చెప్పేశారు. మేము నేర్పేదంతా ఇక్కడినుంచే మొదలవుతుంది: చూపుతో, గొంతుతో నెగ్గాల్సిన చోట కాకుండా, చేసిన పనితో, రాసిన మాటతో పరిచయం మొదలుకావాలి.

కళ్ళలోకి చూడమనే సలహా సంగతి ముందు చూద్దాం. ఆటిజం ఉన్న చాలామందికి ఎదుటివాళ్ళ కళ్ళు చూడటం ఒక పని, మాట వినడం ఇంకో పని. చూపు నిలబెట్టుకునే తంటాలో మాట జారిపోతుంది, చెప్పింది చెయ్యరు, నిర్లక్ష్యమన్న పేరు వస్తుంది. దానికంటే ఎదురెదురుగా కాక పక్కపక్కన నిలబడి, యంత్రాన్నో కాగితాన్నో కంప్యూటర్ తెరనో ఇద్దరూ చూస్తూ మాట్లాడుకోవడం మేలు. తప్పనప్పుడు ఎదుటివారి కనుబొమల మధ్య చూస్తే చాలు, తేడా ఎవరూ కనిపెట్టరు. “నేను చూడకపోయినా వింటున్నాను సార్” అని ఒక్కసారి చెప్పుకుంటే ఇంకా మంచిది. అన్నట్టు, పెద్దల ముందు తల దించుకుంటే వినయమని మెచ్చుకునే ఊళ్ళోనే ఇంటర్వ్యూలో తల దించుకుంటే ఆత్మవిశ్వాసం లేదంటారు. ఈ రెండు నియమాలు ఎప్పుడు మారిపోతాయో ఎవరూ రాసి పెట్టరు.

పలకరింపులకు వద్దాం. “ఏం స్వామీ, టిఫిన్ అయిందా?”, “ఈరోజు లేటా?”, “ఏ ఊరు మీది?” అన్నవి మన వైపు సమాచారం కోసం అడిగేవి కావు. ఆటిజం ఉన్న ఉద్యోగి వీటిని నిజం ప్రశ్నలుగా తీసుకుని రెండు ఇడ్లీ, ఒక వడ, చట్నీలో ఉప్పు తక్కువ అని పూర్తి నివేదిక ఇస్తాడు. లేదా రోజూ అదే ప్రశ్న ఎందుకని విసుక్కుని మౌనంగా వెళ్ళిపోతాడు. రెండోది ఎక్కువ చేటు చేస్తుంది, ఎందుకంటే పలకరిస్తే పలకని మనిషంటే పొగరని అర్థం చేసుకుంటాం. మేము నేర్పేది ఇంతే: ఒక ముక్క జవాబు, వెంటనే అదే ప్రశ్న తిరిగి. “అయింది అన్నా, మీకు?” అక్కడితో ఆపి ముందుకు కదలొచ్చు. రోజుకు ఒకసారి, షిఫ్టు మొదట్లో, పక్కన పనిచేసే ఇద్దరు ముగ్గురితో ఇది జరిగితే చాలు. అందర్నీ పలకరించాలని బయల్దేరితే పది గంటలకే అలసిపోతారు, మధ్యాహ్నానికి మొహం మాడ్చుకుంటారు.

పిలుపుల్లో కూడా తడబాటు ఉంటుంది. పైవాళ్ళు వయసులో చిన్నవాళ్ళయినా సార్, మేడం. సాటివాళ్ళను పేరుకు గారు చేర్చి, మీరు అనాలి. వాళ్ళంతట వాళ్ళు “అన్నా అను” అంటేనే అన్నా. ‘నువ్వు’లోకి మారడం ఎదుటివాళ్ళే మొదలుపెట్టాలి, మొదలుపెట్టినా తనకంటే పెద్దవాళ్ళయితే మీరు అనే కొనసాగించాలి. అటెండరును, సెక్యూరిటీ మనిషిని, క్యాంటీన్‌లో వడ్డించే ఆమెను ఏకవచనంతో పిలవకూడదు, చుట్టూ అందరూ అలా పిలుస్తున్నా సరే. మిగతావాళ్ళ మాట చివరి చనువు స్వరం వీళ్ళ గొంతులో పలకకపోవచ్చు. అప్పుడది తిట్టులా వినిపిస్తుంది.

అసలు చిక్కంతా సూటిగా చెప్పని మాటల్లో ఉంది. మన ఆఫీసుల్లో కాదు అన్న మాట దాదాపు వినపడదు. “చూద్దాంలే” అంటే చాలావరకు కాదనే. “మీ ఇష్టం” అంటే తరచుగా నాకు ఇష్టం లేదని. “వీలైతే కొంచెం చూడండి” అని మేనేజర్ అంటే ఈరోజే కావాలని. “ఏంటి, ఇంకా ఇక్కడే ఉన్నారా?” అంటే ఫైలు పట్టుకుని వెళ్ళలేదేమని మందలింపు. మిగతావాళ్ళు గొంతును బట్టి పట్టుకుంటారు. ఆటిజం ఉన్న ఉద్యోగి మాటకు ఉన్న అర్థమే తీసుకుని, వీలు కాలేదు కాబట్టి చూడలేదు అని నిజాయితీగా చెబుతాడు. దాన్ని ఎదురు సమాధానం అంటారు. దీనికి మందు మనసు చదవడం నేర్పడం కాదు, అది ఏళ్ళు పట్టినా పూర్తిగా రాదు. ప్రతి పనికీ నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవడమే మందు: ఏం చెయ్యాలి, ఎప్పటికి, ఎంతవరకు చేస్తే అయినట్టు, ఈ పని కోసం పక్కన పెట్టాల్సిన పని ఏది. మాట అయిన పది నిమిషాల్లో అదే విషయాన్ని సందేశంగా పంపాలి: “సార్, సాయంత్రం 4 లోపు రెండో లైన్ స్టాక్ లెక్క ఇస్తాను. ప్యాకింగ్ రిజిస్టరు రేపు పొద్దున చూస్తాను. సరేనా?” సార్ నుంచి ‘సరే’ వస్తే ఉద్యోగికి ఆధారం దొరికినట్టే. పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే సాయంత్రం కాకముందే బయటపడుతుంది. నెల తిరిగేసరికి ఆ సూపర్‌వైజరే మిగతావాళ్ళను కూడా “రాసి పంపించు” అనడం మామూలే.

కొత్తలో ఎవరెవరితో పరిచయం కావాలన్నది కూడా పథకం ప్రకారమే పెట్టుకోవాలి. మొదటి రెండు వారాల్లో ముగ్గురు చాలు. ఒకరు పని చెప్పే మనిషి. ఒకరు అదే పని పక్కన చేస్తున్న, ఒకటి రెండేళ్ళ అనుభవం ఉన్న మనిషి. మూడో మనిషిని అందరూ మరిచిపోతారు: టైమ్ ఆఫీసులోనో స్టోర్సులోనో ఉండి, సెలవు కాగితం ఎవరికివ్వాలో, కంపెనీ బస్సు ఏ రోజు రూటు మారుతుందో, బయోమెట్రిక్ పడకపోతే ఏం చెయ్యాలో తెలిసిన మనిషి. రెండో మనిషిని రోజుకు రెండు మూడు ప్రశ్నలే అడగాలి, గుర్తొచ్చినప్పుడల్లా కాక ఒక చీటీ మీద పోగుచేసి టీ టైముకు ముందు ఒకేసారి. అడిగిన ప్రశ్న మళ్ళీ అడగకుండా జవాబును నోటుపుస్తకంలో రాసుకోవాలి. అదే ప్రశ్న మూడోసారి వచ్చినప్పుడు ఎంత ఓర్పు ఉన్నవాళ్ళయినా తప్పించుకు తిరగడం మొదలుపెడతారు. నెల తర్వాత వాళ్ళకు పనికొచ్చేది ఒకటి తిరిగి ఇవ్వాలి: ఎక్సెల్‌లో ఒక సూత్రమో, రిజిస్టరులో పట్టుకున్న తప్పో. స్నేహం నవ్వులతోనే మొదలవ్వాలని లేదు, ఇలాంటి ఇచ్చిపుచ్చుకోళ్ళతోనూ అవుతుంది.

తప్పు పట్టుకోవడం అన్నాం గనక అక్కడి గండం కూడా చెప్పాలి. లెక్కలో తేడా, లేబుల్ మీద తప్పు తేదీ, పాటించని భద్రతా నియమం ఆటిజం ఉన్నవాళ్ళ కంటికి చటుక్కున పడతాయి, కంపెనీకి అది లాభం. కానీ పదిమంది ముందు “ఇది తప్పు” అనేస్తే ఆ తప్పు చేసిన మనిషి సంవత్సరం పాటు మాట్లాడడు. ప్రాణానికో యంత్రానికో ప్రమాదం ఉంటే అక్కడికక్కడే గట్టిగా చెప్పాలి, మొహమాటం వద్దు. మిగతావన్నీ ఆ మనిషికి విడిగా, ప్రశ్నగా: “ఈ బ్యాచ్ తేదీ ఒకసారి చూస్తారా?” రెండుసార్లు చెప్పినా మారకపోతే పైవాళ్ళకు రాయాలి. ఎవరు చేశారని కాక ఏం జరిగిందని రాయాలి.

ఇష్టమైన విషయం మీద గంటలు మాట్లాడటం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండు మూడు వాక్యాలయ్యాక ఆగి చూడాలి. ఎదుటివాళ్ళు ఇంకో ప్రశ్న వేస్తే కొనసాగించొచ్చు, “ఓహో” అని ఫోను చూస్తే ఆపాలి. భోజనాల దగ్గర ఐదారుగురి మాట ఒకేసారి నడుస్తుంటే, అందులో సగం తమిళంలోకి వెళ్ళిపోతుంటే (సరిహద్దు ఫ్యాక్టరీల్లో ఇది రోజూ జరిగేదే) మాట అందుకోవడం కష్టం. అక్కడ కూర్చోవడమే చాలు, మాట్లాడి తీరాలని లేదు. వారంలో మూడు రోజులు వాళ్ళతో, మిగతా రోజులు ఒంటరిగా తినొచ్చు. ఒంటరిగా తినే రోజు “ఇవాళ కాసేపు నిశ్శబ్దంగా ఉంటాను” అని ముందే చెబితే అలిగాడని అనుకోరు.

వాట్సాప్ గ్రూపు విషయంలో ఒకటే నియమం పెట్టుకోమంటాం: పనికి సంబంధించింది, తన పేరుతో అడిగింది అయితే జవాబు, పుట్టినరోజుకు ఒక శుభాకాంక్ష; జోకులు, రాజకీయాలు, దేవుడి బొమ్మలు చూసి వదిలేయడమే. గ్రూపులో ఫార్వర్డు అయిన అబద్ధాన్ని సరిదిద్దాలన్న ఆవేశం ఎంత న్యాయమైనా, ఆఫీసు గ్రూపు దానికి చోటు కాదు.

ఇప్పుడు ఎవరూ చెప్పని, మేము మాత్రం మొదటి వారమే చెప్పే సంగతి. మాటను మాటగా నమ్మే మనిషి దగ్గర డబ్బు అడగడం తేలిక. జీతం పడిన రోజు చేబదులు, చీటీ పాటలో చేరమనడం, అప్పుకు హామీ సంతకం, ఆదివారం షిఫ్టు మార్చుకోమని ప్రతి వారమూ బతిమాలడం, ఇవన్నీ స్నేహం పేరుతోనే వస్తాయి. “స్నేహితుడివి కదా” అన్న మాట దగ్గర వీళ్ళు కాదనలేరు, కాదంటే స్నేహం పోతుందని భయం. జవాబు ముందే సిద్ధం చేసి బట్టీ పట్టించాలి: “డబ్బు, సంతకం విషయాలు ఇంట్లో అడిగే చెబుతాను.” ఇది మన ఊళ్ళలో ఎవరూ తప్పుపట్టని సాకు. షిఫ్టు మార్పు నెలకు ఒకసారి, అదీ సూపర్‌వైజర్ రాసిచ్చాకే. ఆడపిల్లలకు ఇంకొకటి: మంచితనంగా ఇచ్చిన పొడి జవాబును చనువుగా తీసుకుని ఫోన్లు చేసేవాళ్ళుంటారు. పని వేళ తర్వాత వచ్చే సొంత సందేశాలకు జవాబు ఇవ్వనక్కర్లేదని, ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో పేరుతో సహా, చేరిన రోజే చెప్పి ఉంచాలి.

శబ్దం, వెలుతురు, వాసన కూడా సంబంధాల్ని చెడగొడతాయంటే చాలామందికి ఆశ్చర్యం. గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ రోజుల్లో రాత్రింబవళ్ళు యంత్రాల మోత, పులిసిన తొక్కల వాసన. హోటల్ కిచెన్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాను, గిన్నెల చప్పుడు. ఆరేడు గంటలు దాన్ని ఓర్చుకున్న మనిషిని ఎవరో భుజం తట్టి జోకేస్తే కసురుకుంటాడు, లేదా నోరు మూతపడి నిలబడిపోతాడు. మిగతావాళ్ళకు కనిపించేది ఆ కసురుడే. ఫోమ్ ఇయర్‌ప్లగ్గులు పెట్టుకోవచ్చు, కానీ ఫోర్క్‌లిఫ్టులు తిరిగే చోట, అలారం వినాల్సిన చోట సేఫ్టీ ఆఫీసరు ఒప్పుకున్నాకే. రెండు గంటలకోసారి ఐదు నిమిషాలు నిశ్శబ్దంగా ఉండే మూల చూపించాలి, స్టోర్ రూమైనా పర్వాలేదు. కసురుకోవడం జరిగిపోతే మర్నాటిలోపు మూడు ముక్కల్లో సర్దుకోవాలి: “నిన్న గట్టిగా మాట్లాడాను, క్షమించండి. చప్పుడు ఎక్కువై అలా అయింది. ఈసారి చెప్పి బయటికి వెళ్తాను.” దాన్ని పేజీల కొద్దీ వివరిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

ఆటిజం ఉందని చెప్పాలా వద్దా? అందరికీ ఒకటే జవాబు లేదు. సాసన్ తర్వాత మరో పరిశోధకురాలితో కలిసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటిజం ఉందని తెలిసినప్పుడు చూసినవాళ్ళ అభిప్రాయం మెరుగైంది. ఆటిజం గురించి ముందే కొంత తెలిసినవాళ్ళలో ఇంకా మెరుగైంది. ఏమీ తెలియని చోట ‘పిచ్చి’ అన్న పేరు వచ్చే ప్రమాదమూ ఉంది. కాబట్టి ముందు పని చెప్పే మనిషికి, హెచ్.ఆర్.కు మాత్రమే చెప్పడం, అదీ అర పేజీ కాగితం మీద, మేము సూచించే పద్ధతి. వైద్య చరిత్ర అక్కర్లేదు. “పని మారితే ఒక లైను రాసి పెట్టండి. వెనకనుంచి పిలిస్తే వినపడకపోవచ్చు, ఎదురుగా వచ్చి చెయ్యి ఊపండి. మొహంలో నవ్వు లేకపోతే కోపమని అనుకోవద్దు.” ఇలా నాలుగైదు వాక్యాలు, ప్రతి వాక్యంలో అవతలివాళ్ళు చెయ్యగలిగింది ఒకటి ఉండాలి.

ఇది దయ కాదు, చట్టం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళు పంచుకుంటారు. దానికి కనీసం 40 శాతం వైకల్య ధ్రువపత్రం కావాలి. ప్రభుత్వ సంస్థలు ఉద్యోగికి తగిన సర్దుబాట్లు కల్పించి తీరాలి. అక్కడ ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో విచారించాలి. ప్రైవేటు వాళ్ళకు సంబంధం లేదనుకోవద్దు: 2017 నిబంధనల ప్రకారం 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి, దివ్యాంగ ఉద్యోగుల కోసం ఒక లైజన్ ఆఫీసరును పెట్టాలి. చేరేటప్పుడు హెచ్.ఆర్.ను “ఆ విధానం కాపీ ఇస్తారా, లైజన్ ఆఫీసరు ఎవరు?” అని మర్యాదగా అడగండి. నీళ్ళు నమిలితే ఈమెయిల్‌లో అడగండి.

సూపర్‌వైజర్లకు మా మనవి పెద్దదేమీ కాదు. చెప్పాలనుకున్నది సూటిగా చెప్పండి. సూటిగా చెబితే నొచ్చుకుంటారని భయపడకండి, వీళ్ళు నొచ్చుకునేది అర్థంకాని ఎత్తిపొడుపులకే. “కొంచెం బాగా చెయ్” అనకుండా “ప్రతి పెట్టె మీద లేబుల్ ఎడమ మూల నుంచి రెండు వేళ్ళ దూరంలో” అనండి. వారానికోసారి పదిహేను నిమిషాలు, ఒకే రోజు ఒకే వేళకు కూర్చోండి: ఏం బాగా జరిగింది, ఏం మార్చాలి, వచ్చే వారం ఏం కొత్తది. షిఫ్టు మార్పులు ముందే చెప్పండి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, జనవరి 1 రద్దీ ఏటా వచ్చేవే, వాటి తేదీలు నెలల ముందే తెలుస్తాయి. అయినా హోటళ్ళలో, రవాణా సంస్థల్లో డ్యూటీ పట్టీ ముందురోజు రాత్రి గ్రూపులో పడుతుంది. అది అందరికీ ఇబ్బందే. ఆటిజం ఉన్న ఉద్యోగికి ఆ రాత్రి నిద్రా ఉండదు, మర్నాడు పక్కవాళ్ళతో మంచిమాటా ఉండదు.

చివరగా మీ పత్రికకు, మేళాలు నడిపే అధికారులకు ఒక విన్నపం. పది నిమిషాల ముఖాముఖిలో వీళ్ళు ఎలాగూ ఓడిపోతారు, కారణం పైన చెప్పాం. అడగబోయే ప్రశ్నల్లో సగమైనా రెండు రోజుల ముందు కాగితం మీద ఇవ్వండి. ముఖాముఖి బదులు రెండు గంటల పని పరీక్ష కోరుకునే వీలు దరఖాస్తులోనే ఒక గడిగా పెట్టండి. అమ్మానాన్నలనో శిక్షకుణ్ణో గది బయటైనా కూర్చోనివ్వండి. వచ్చే మేళా ప్రకటన వేసేటప్పుడు, ఏ కంపెనీలు ఈ గడికి ఒప్పుకున్నాయో పేర్లతో సహా ప్రచురిస్తే చదివేవాళ్ళకు దారి తెలుస్తుంది, ఒప్పుకోని వాళ్ళకు కారణం చెప్పాల్సిన అవసరం పడుతుంది.

ఇట్లు,
ఆటిజం ఉన్న యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే కొందరు ప్రత్యేక ఉపాధ్యాయులు, థెరపిస్టులు,
తిరుపతి.